హుండీ వేరు, పాఠం వేరు

విశ్వవిద్యాలయాల్లో నాయకత్వ కేంద్రాలు ఉండాలన్న మాటను తప్పుపట్టనక్కర్లేదు. తప్పుపట్టవలసింది వాటిని నడిపే తీరును. కేంద్రానికి ఒక డైరెక్టరును వేస్తారు. ఏ శిక్షణ ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో, ఎవరిని పిలిచి మాట్లాడించాలో ఆయనే నిర్ణయిస్తాడు. అందుకు కావలసిన డబ్బు కోసం కంపెనీల గుమ్మాలూ పూర్వవిద్యార్థుల గుమ్మాలూ తొక్కవలసిందీ ఆయనే. ఏడాది తిరిగేసరికి ఆయన పనితనాన్ని తూచడానికి వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఎంత తెచ్చావు? ఈ ఏర్పాటు చెడ్డది. పాఠం నిర్ణయించే చేతికి రసీదు పుస్తకం ఇవ్వకూడదు. కొల్లేటి సరస్సు చుట్టూ ఉన్న ఉన్నత విద్యాసంస్థల్లో ఎవరు ఇలాంటి కేంద్రం పెట్టినా ముందుగా ఈ నియమాన్ని రాసుకోవాలి. అందుకు సిద్ధం కాకపోతే కేంద్రం పెట్టకపోవడమే మేలు.

కొల్లేటి పేరు పెట్టి ఈ మాట అనడానికి కారణం ఉంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్) నడుస్తోంది. చేరువలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి తాడేపల్లిగూడెంలో ప్రాంగణం ఉంది. ఏలూరులో 1945 నాటి సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, ఆడపిల్లల చదువుకు పేరుపడ్డ సెయింట్ థెరిసా కళాశాల, పక్కనే పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం కోసం 2020లో చట్టం చేసి, 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. వీటిలో ఎక్కడ బయల్దేరినా సరస్సు నడుమ ఉన్న కొల్లేటికోట ఊరు ఒక పూట ప్రయాణం. ఇన్ని చదువుల నడుమ ఉన్న సరస్సు యాభై ఏళ్లుగా పడుతున్న కష్టాల్లో చదువు లేక వచ్చినవి తక్కువ, నాయకులు లేక వచ్చినవి ఎక్కువ.

సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తు గీత, అంటే పది అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగుల కాంటూరు వరకు 308. ఈ 308 చదరపు కిలోమీటర్లనే 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదలడం ఈ సరస్సు చేసే పని. డెబ్బైలలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి సరస్సు గర్భంలో చేపల చెరువులకు దారి తీసింది. వేట మీద బతికే వడ్డీలకూ బడుగువర్గాలకూ నిలకడైన ఆదాయం రావాలన్న ఉద్దేశం మంచిదే. అయితే చెరువు తవ్వాలన్నా, పిల్ల వదలాలన్నా, మేత వెయ్యాలన్నా పెట్టుబడి కావాలి. అది సంఘాల దగ్గర లేదు. ఉన్నవాడు బయటి నుంచి వచ్చాడు. కాగితం మీద సంఘం పేరు మిగిలింది, గట్టు మీద పెత్తనం లీజుదారుదయింది. తన సంఘం చెరువు మీదే సభ్యుడు కాపలా కూలీ అయ్యాడు.

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశంతో 2006లో గట్లు కొట్టేశారు. అప్పుడు లీజుదారుకు పోయింది పెట్టుబడి, సభ్యుడికి పోయింది బతుకు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యం హద్దును అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. అలా తగ్గిస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఆ కోరికను ఒప్పుకోలేదు. ఇంత జరిగినా సరస్సు లోపలి బెడ్ గ్రామాల్లోనూ చుట్టూ ఉన్న బెల్టు గ్రామాల్లోనూ వాదన అక్కడే ఉంది. కాంటూరు తగ్గించమని అడిగే గొంతుల్లో నిజమైన వేటగాడి గొంతు ఏదో, అతన్ని ముందు నిలబెట్టి వెనక నుంచి మాట్లాడే పెట్టుబడిదారు గొంతు ఏదో తేల్చి చెప్పగలవాళ్లు కరువయ్యారు.

కొల్లేటికోటలో ఒక జనశ్రుతి ఉంది. ఒడియా గజపతుల సేనాని ఈ కోటలో ఉండగా శత్రువు ఒడ్డున చిగురుకోట దగ్గర దిగాడట. సరస్సు నీరు తీసేస్తే కోట చిక్కుతుందని ఇప్పటి ఉప్పుటేరు దారిలో కాలువ తవ్వించబోయాడట. సేనాని దేవతల అనుగ్రహం కోసం కన్నకూతుర్నే బలి ఇచ్చాడనీ, ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు అలా వచ్చిందనీ చెబుతారు. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆపద ముంచుకొచ్చినప్పుడు ఎవరు మూల్యం చెల్లిస్తారో ఆ కథ చెప్పేసింది. నిర్ణయం సేనానిది, ప్రాణం కూతురిది. 2006లోనూ నిర్ణయాలు చేసినవాళ్లు వేరు, చెల్లించుకున్నవాళ్లు వేరు.

ఈ యాభై ఏళ్ల కథలో ఇంజినీర్లకు కొదవ లేదు. పెట్టుబడికీ, పార్టీలకూ, ఉపన్యాసాలకూ లోటు లేదు. లీజు ఒప్పందాన్ని వరుస వరుసా చదివి, ఇందులో సంతకం పెట్టనని చెప్పగల సంఘం అధ్యక్షుడు దొరకలేదు. కాంటూరు పటాన్ని ఊరి రచ్చబండ మీద పరిచి, ఎవరి చెరువు ఏ గీతకు లోపల ఉందో చూపించగల యువకుడు దొరకలేదు. కోర్టు ఉత్తర్వును తెలుగులో విప్పి చెప్పి, పుకార్లకు తావు లేకుండా చెయ్యగల పంచాయతీ సభ్యురాలు దొరకలేదు. నాయకత్వం అంటే ఇది. వేదిక మీద చేతులు ఊపుతూ మాట్లాడే విద్యను అందంగా నేర్పే సంస్థలు పట్నాల్లో చాలా ఉన్నాయి. దానికోసం విశ్వవిద్యాలయం వేరే కేంద్రం తెరవనక్కర్లేదు.

ఏలూరు 2020 డిసెంబరును ఎవరూ మరిచిపోలేదు. జనం ఉన్నట్టుండి మూర్ఛలతో కుప్పకూలారు. ఆరు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. హైదరాబాదు నుంచి, నాగపూర్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి నమూనాలు పట్టుకెళ్లారు. వాళ్ల పనిని తక్కువ చెయ్యలేం. కానీ ఏ వీధికి ఏ కాలువ నీరు వస్తుందో, ఏ పొలంలో ఏ మందు కొట్టారో, ఏ ఇంటివాళ్లు కూరగాయలు ఎక్కడ కొంటారో తెలిసింది ఊళ్లోవాళ్లకే. ఆ సంగతులను గంటల్లో పోగుచేసి, పరిశోధకుడి ముందు క్రమంగా పెట్టగల యువతీయువకులు ప్రతి ఊరికీ కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు దిగివచ్చింది కొల్లేటికే. లంక గ్రామాలకు ముందే కబురు చెప్పి, పశువులను, ముసలివాళ్లను గట్టు దాటించే పని ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అది నేర్పే చోటు విశ్వవిద్యాలయంలో ఉండాలి.

ఇంత గట్టి పని ఉన్నప్పుడు నాయకత్వ కేంద్రాలు ఎందుకు రెండు రోజుల వర్క్‌షాపుల్లో తేలిపోతున్నాయి? డబ్బు వచ్చే దారిని చూస్తే జవాబు దొరుకుతుంది. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ ఇంతకాలం మార్కులు వేసిన పద్ధతిలో ఆరో ప్రమాణం పేరు ‘పరిపాలన, నాయకత్వం, నిర్వహణ’. నిధుల సమీకరణకు మార్కులు వేసేదీ అందులోనే. పూర్వవిద్యార్థుల విరాళాలను అయిదో ప్రమాణంలో లెక్కకట్టారు. విరాళం తేవడం ఆ విధంగా విద్యాసంస్థ గ్రేడులో భాగమైపోయింది. ఇక కంపెనీల సామాజిక బాధ్యత నిధుల సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. విద్యకు ఇవ్వవచ్చు. అయితే 2021లో మార్చిన నిబంధనల ప్రకారం ఈ డబ్బును మూలనిధిగా జమ వేసుకోవడం కుదరదు. కొనసాగే ప్రాజెక్టు అయినా మొదలైన సంవత్సరం పోగా మూడేళ్లకు మించదు.

దీని ఫలితం ఏమిటో డైరెక్టర్లకు తెలుసు. కొల్లేటికోట నుంచి వచ్చి డిగ్రీలో చేరిన వడ్డీ కుర్రాడు చదువు ముగించి, ఊరికి వెళ్లి, సహకార సంఘం లెక్కల్లో వేలు పెట్టి, నలుగురి నమ్మకం సంపాదించేసరికి పదేళ్లు పడుతుంది. మూడేళ్ల డబ్బు పదేళ్ల పనిని మొయ్యలేదు. అందుకని పాఠాన్ని డబ్బు కొలతకు కత్తిరిస్తారు. ఒక బ్యానరు, ఒక ముఖ్య అతిథి, ఒక గ్రూపు ఫొటో, రెండు వందల ధ్రువపత్రాలు. కంపెనీ వార్షిక నివేదికలో వేసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మర్నాడు మళ్లీ ఆ గుమ్మం ఎక్కవలసిన డైరెక్టరు, ఆ కంపెనీకి ఇబ్బంది కలిగించే పాఠం పెడతాడని ఆశించడం అమాయకత్వం. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. ఆయన కూర్చున్న కుర్చీ అలాంటిది.

పెద్ద పేరున్న సంస్థలూ ఇక్కడే జారిపడ్డాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లిబియా పాలకుడు గడాఫీ కుటుంబపు ఫౌండేషన్ నుంచి 15 లక్షల పౌండ్ల వాగ్దానం పుచ్చుకుంది. లిబియా అధికారులకు, రేపటి నాయకులకు శిక్షణ ఇచ్చే ఒప్పందం కూడా అదే కాలంలో నడిచింది. 2011లో లిబియాలో జనం మీద తుపాకులు పేలినప్పుడు ఆ సంస్థ డైరెక్టరు హోవర్డ్ డేవిస్ రాజీనామా చేశారు. అమెరికాలో ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ డైరెక్టరు జోయ్ ఇటో 2019లో తప్పుకున్నారు. లైంగిక నేరస్థుడైన జెఫ్రీ ఎప్‌స్టీన్ నుంచి డబ్బు తీసుకుని, దాత పేరు బయటికి రాకుండా చూశారన్నది అభియోగం. పరిశోధన దారి నిర్ణయించేదీ, డబ్బు తెచ్చేదీ ఒకే మనిషి అయినప్పుడు, వద్దు అని చెప్పే మనిషి ఆ గదిలో లేకుండా పోతాడు. ఎంత తెలివైనవాళ్లకైనా ఇది తప్పలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. గోదావరి పల్లెల్లో 2001 నుంచి బైర్రాజు ఫౌండేషన్ చదువు, వైద్యం, తాగునీటి రంగాల్లో పని చేసింది. మంచి పనులే. కానీ ఆ పనులన్నిటి వెనక ఉన్నది ఒకే కుటుంబం, ఒకే కంపెనీ పేరు. 2009 జనవరి 7న ఆ కుటుంబపు సత్యం కంపెనీ ఖాతాల బండారాన్ని దాని అధిపతి రామలింగరాజు స్వయంగా లేఖ రాసి ఒప్పుకున్న రోజునే ఆ సేవల ఆధారమూ కదిలింది. ఫౌండేషన్ పని కుంచించుకుపోయింది. అదే చేతుల్లో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ నిలిచిందంటే, ప్రభుత్వ వాటా ఉండబట్టీ, నిర్వహణ మరో చేతికి మారబట్టీ నిలిచింది. ఒక్క దాతను నమ్ముకున్న సేవకు ఆ దాత జాతకమే తన జాతకం.

చందాలతోనే పెరిగి, తల ఎత్తుకుని నిలిచిన చదువుల చరిత్ర కూడా మనకు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్ష చిన్నది కాదు. ఆ మాటలో అంతకన్నా విలువైనది ‘ఏటా’ అన్నది. వచ్చే ఏడాది ఎవరి గుమ్మం ఎక్కాలా అన్న దిగులు లేకుండా శాస్త్ర విభాగాలు పెంచుకోగలిగారు. ఏలూరు కళాశాల ఎవరి పేరు పెట్టుకుందో ఆ కట్టమంచి రామలింగారెడ్డి, బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని వదులుకున్నారు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఆ పదవిలో ఉన్నారు. కుర్చీ కన్నా మాట గొప్పదని చేసి చూపించినవాడి పేరు పెట్టుకున్న ఊళ్లో, నాయకత్వం నేర్పేవాడు దాత ముఖం చూసి మాట్లాడితే అంతకన్నా సిగ్గుచేటు లేదు.

ఈ కాలపు దాతలూ ఒక సంగతి చెబుతున్నారు. బాపట్లకు చెందిన కృష్ణ చివుకుల 2024లో తాను చదువుకున్న మద్రాసు ఐఐటీకి 228 కోట్లు ఇచ్చారు. అంతకుముందు ఏడాది నందన్ నీలేకని బొంబాయి ఐఐటీకి 315 కోట్లు ప్రకటించారు. ఇద్దరూ తమను తయారుచేసిన చోటికే ఇచ్చారు. పాఠం బలంగా ఉన్న చోటికి డబ్బు ఆలస్యంగానైనా నడిచి వస్తుంది. డబ్బు కోసం పాఠాన్ని పలచన చేసిన చోట పాతికేళ్ల తరవాత తిరిగి చూసే శిష్యుడు ఉండడు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడిలో ఫాల్గుణ జాతరకు చుట్టుపక్కల జిల్లాల జనం వస్తారు, హుండీ నిండుతుంది. పూజ చేసే అర్చకుడు ఆ హుండీ విప్పడు. దేవాదాయ శాఖ అధికారుల ఎదుట, నలుగురూ చూస్తుండగా లెక్కిస్తారు. లక్ష వేసినవాడి కోసం మంత్రం మారదు, పది రూపాయలు వేసినవాడికి తీర్థం తగ్గదు. పల్లెటూరి గుడి పాటించే ఈ పాటి విభజనను చట్టసభ చేసిన చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం పాటించలేదా?

ఈ ప్రాంతంలో డబ్బు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. చేపలో ఉంది, రొయ్యలో ఉంది, మేతలో, ఐసులో, ఎగుమతిలో ఉంది. ఆ డబ్బంతా మురికి అనడం అన్యాయం. అయిదో కాంటూరు బయట తన పట్టా భూమిలో చెరువు వేసుకున్న రైతు చెమటోడ్చి సంపాదించిన సొమ్ము కూడా అందులో ఉంది. అభయారణ్యం లోపల గట్టు వేసి, సంఘం పేరు మీద లీజు తిప్పేవాడి సొమ్ము వేరు. కాంటూరు లోపలి జిరాయితీ భూముల సంగతి ఇంకా తెగని పేచీ, అక్కడి సొమ్ము తీసుకునే ముందు కాగితాలు చూడాలి. ఈ తేడా చూడకుండా చెక్కు పుచ్చుకున్న కేంద్రం, రేపు కొల్లేటి గురించి నోరు విప్పలేదు. నోరు విప్పలేని చోట నాయకత్వం నేర్పుతామంటే నమ్మేదెవరు?

కాబట్టి తీర్పు ఇది. నాయకత్వ కేంద్రం డైరెక్టరు కార్యక్రమాలు మాత్రమే చూడాలి. నిధుల సేకరణ విశ్వవిద్యాలయ స్థాయిలో వేరే అధికారి చెయ్యాలి, ఆ అధికారికి పాఠ్యప్రణాళికలోనూ విద్యార్థుల ఎంపికలోనూ మాట ఉండకూడదు. ప్రతి విరాళాన్నీ స్వీకరించాలో వద్దో తేల్చే సంఘం మూడోది కావాలి. అందులో అధ్యాపకులతో పాటు బెడ్ గ్రామాల ప్రతినిధి, లెక్కలు తెలిసిన బయటి మనిషి ఉండాలి. దాత పేరు, మొత్తం, పెట్టిన షరతులు ఏటా బహిరంగంగా ప్రకటించాలి. పేరు చెప్పొద్దనే దాత డబ్బు వద్దు. ఏ ఒక్క దాత వాటా కేంద్రం ఖర్చులో పావువంతు దాటకూడదు. అభయారణ్యం ఆక్రమణ కేసుల్లో ఉన్నవారి నుంచి, వారి కంపెనీల నుంచి ఒక్క రూపాయి తీసుకోకూడదు. జీతాలూ విద్యార్థి వేతనాలూ విశ్వవిద్యాలయ బడ్జెట్లోంచే రావాలి. విరాళం దాని మీద అదనపు బలం కావాలి గాని పునాది కాకూడదు.

డైరెక్టరు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు, పని తెలిసినవాడి మాటకే దాత కరుగుతాడు అన్న వాదన ఉంది. అందులో సగం నిజం. ఆయన వెళ్లి పనిని వివరించవచ్చు, విద్యార్థులను చూపించవచ్చు. సంతకం పెట్టే కలం మాత్రం ఆయన జేబులో ఉండకూడదు. ఆయన పదోన్నతికీ విరాళాల మొత్తానికీ సంబంధం ఉండకూడదు. ఇన్ని నిబంధనలు పెడితే దాతలు పారిపోతారని ఇంకొందరు భయపెడతారు. నిబంధన చూసి పారిపోయే దాత ఏదో ఆశించి వచ్చినవాడే. అలాంటివాడు ఎంత త్వరగా వెళితే కేంద్రానికి అంత క్షేమం. చిన్న మొత్తాలు క్రమం తప్పకుండా ఇచ్చే వెయ్యి మంది పూర్వవిద్యార్థులు ఒక పెద్ద చెక్కు కన్నా గట్టి అండ. రెండు వేలు మించిన నగదు విరాళానికి ఆదాయపన్ను మినహాయింపు ఎలాగూ రాదు. అంతకన్నా చిన్న మొత్తాలనూ బ్యాంకు ద్వారానే తీసుకుంటే లెక్క దానంతటదే ఉంటుంది.

డబ్బు బెడద తప్పిన డైరెక్టరుకు చేతినిండా పని ఉంది. సీట్లలో సగం కొల్లేటి గ్రామాల పిల్లలకు ఇవ్వాలి. నిట్ విద్యార్థి, ఉద్యాన విద్యార్థి, ఏలూరు డిగ్రీ అమ్మాయి, కొల్లేటికోట కుర్రాడు ఒకే జట్టుగా ఒక సంవత్సరం పనిచెయ్యాలి. పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం రాయడం, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటి నమూనా పట్టడం, ఒక సహకార సంఘం పదేళ్ల జమాఖర్చులు తిరగెయ్యడం, 1964 సహకార చట్టం కింద సభ్యుడి హక్కులు తెలుసుకోవడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం, గ్రామసభలో కోపం తెచ్చుకోకుండా నిలదీయడం పాఠాలు కావాలి. పరీక్ష కూడా ఊళ్లోనే పెట్టాలి. తేల్చుకున్న సంగతులను ఆ ఊరివాళ్ల ముందు, వాళ్లకు తెలిసే తెలుగులో చెప్పి, ఎదురు ప్రశ్నలకు నిలబడినవాడే పాసయినట్టు. కేంద్రం పనితనానికి కొలత కూడా మారాలి. ఎన్ని శిబిరాలు పెట్టారని కాక, అయిదేళ్ల తరవాత ఎన్ని సంఘాల లెక్కలు సభ్యుల చేతికి వచ్చాయని అడగాలి.

ఈ పనికి కొత్త భవనం అక్కర్లేదు, విదేశీ ఒప్పందం అక్కర్లేదు. పాలకమండలి ఒక సమావేశంలో చెయ్యగల తీర్మానం చాలు. పాఠానికీ పైకానికీ నడుమ ఆ గీత గీశాకే తొలి చెక్కు పుచ్చుకోవాలి. గియ్యకుండా తెరిచిన కేంద్రాన్ని మూసెయ్యమని అడిగే హక్కు ఆ విశ్వవిద్యాలయాన్ని పన్నులతో పోషిస్తున్న ప్రజలకు ఉంది. ఆ హక్కు వాడుకోవడానికి వాళ్లు మొహమాటపడనక్కర్లేదు.